క్యాంపింగ్‌కి పోర్టబుల్ టాయిలెట్: కొనేముందు పారబోసే చోటు చూసుకోండి

పోర్టబుల్ టాయిలెట్ కొనబోయేవాళ్లు సీటు ఎంత వెడల్పుంది, ఎంత బరువు మోస్తుంది, డిక్కీలో పడుతుందా అని చూస్తారు. అవన్నీ చూడాల్సినవే, కాకపోతే రెండో విడతలో. మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: నిండాక దాన్ని ఎక్కడ పారబోస్తారు? దీనికి జవాబు లేకుండా కొంటే, ఎంత ఖరీదైన మోడల్ అయినా మూడో రోజు పొద్దున మీ కారులో మూత బిగించిన ఇరవై కిలోల డబ్బాగా కూర్చుంటుంది.

దిగే క్యాంప్‌సైట్‌లోనో, వెనక్కి వచ్చే దారిలోనో మురుగు పారబోయడానికి ఏర్పాటు చేసిన చోటు ఉంటే రెండు ట్యాంకుల ఫ్లష్ టాయిలెట్ హాయిగా ఉంటుంది. అలాంటి చోటు లేదు, కానీ కారు పక్కనే ఉంటుంది, మూటగట్టి చెత్తకుండీ దాకా తీసుకెళ్లగలం అనుకుంటే సంచీ వేసి వాడే బకెట్ రకం మేలు. కారు వదిలేసి వీపు మీద బ్యాగుతో కొండెక్కేవాళ్లకు ఈ రెండూ కుదరవు. వాళ్లకు తడిని పీల్చి జెల్‌లా గట్టిపరిచే పొడి ఉన్న సంచులు (జెల్ సంచులు), లేదా అనుమతి ఉన్నచోట చిన్న గొయ్యి, అంతే.

ట్యాంకును నింపేది నీళ్లే

పెద్దవాళ్లు ఒకరు రోజుకు పోసే మూత్రం సుమారు ఒకటి నుంచి రెండు లీటర్లు. మలం చాలామందికి 100 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటుంది. అంటే మనం భయపడేది దేనికో, ట్యాంకులో చోటు తినేది ఇంకోటి. దానికి ఫ్లష్ నీళ్లు, కడుక్కున్న నీళ్లు కలిస్తే లెక్క ఇంకా మారిపోతుంది.

ఒకసారి వేసి చూద్దాం. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ 300 మిల్లీలీటర్లు, ఫ్లష్‌కి 200, మొత్తం అర లీటరు. దొడ్డికి వెళ్తే మలం, ఫ్లష్‌కి అర లీటరు, కడుక్కోవడానికి ఇంకో అర లీటరు, కలిపి సుమారు 1.2 లీటర్లు. ఒక మనిషి రోజుకు ఆరుసార్లు మూత్రానికి, ఒకసారి దొడ్డికి అందులోనే వెళ్తే 4.2 లీటర్లు. నలుగురికి దాదాపు 17 లీటర్లు. ఫ్లష్ టాయిలెట్‌లో మురుగు చేరే కింది ట్యాంకు మార్కెట్లో పెద్ద సైజుది 20, 21 లీటర్లు ఉంటుంది. వాసన రాకుండా మొదట్లో పోసే మందు నీళ్లు రెండు లీటర్లు తీసేస్తే, అంత పెద్ద ట్యాంకూ ఒక్క రోజులో నిండినట్టే.

అదే నలుగురూ దాన్ని దొడ్డికి, రాత్రిపూట ఒకసారి మూత్రానికి మాత్రమే వాడితే? మనిషికి 1.7 లీటర్లు, నలుగురికి రోజుకు 6.8. అదే ట్యాంకు రెండున్నర రోజులు దాటి వస్తుంది. ట్యాంకు మారలేదు, అలవాటు మారింది.

డబ్బా మీద కంపెనీ రాసే “ఇన్నిసార్లు ఫ్లష్ చేయొచ్చు” అన్న అంకె టాయిలెట్ పేపర్ వాడేవాళ్లను మనసులో పెట్టుకుని వేసింది. నీళ్లతో కడుక్కునేవాళ్లు దాన్ని పక్కన పెట్టి సొంత లెక్క వేసుకోవాలి. మగ్గుతో పోసుకుంటే ఒక లీటరు తేలిగ్గా పోతుంది. మూతకు సన్నటి వంకర గొట్టం ఉన్న సీసాతో అయితే 200 నుంచి 250 మిల్లీలీటర్లతో పని అయిపోతుంది. మొత్తం సామానులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభం ఇచ్చే వస్తువు ఈ సీసానే. మనిషికొకటి పెట్టుకోండి, పేరు రాయండి.

మరి 21 లీటర్ల ట్యాంకే కొనాలా? నేనైతే 10, 12 లీటర్లదే చూడమంటాను. నీరు లీటరుకు కిలో. 21 లీటర్ల ట్యాంకు నిండితే ప్లాస్టిక్ బరువుతో కలిపి 23, 24 కిలోలు. దాన్ని ఒంటిచేత్తో, ఒంటికి తగలకుండా, చిందకుండా వంద మీటర్లు మోయాలి. చిన్న ట్యాంకు రోజూ పారబోయాల్సి రావచ్చు, కానీ మోయగలిగిన బరువు. ఎండాకాలంలో ఎలాగూ రెండు రోజులకు మించి ఏ ట్యాంకునూ ఉంచకూడదు. ఒక్క మాట: కొన్ని చిన్న మోడళ్ల ఎత్తు 30 సెంటీమీటర్లే. ఇంట్లో కుర్చీ కమోడ్ సుమారు 40 ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే కిందకు కూర్చోవడం కన్నా పైకి లేవడమే కష్టం. ఎత్తు 40కి తక్కువ కాకుండా చూడండి, లేదా చిన్న మోడల్‌ని గట్టి చెక్క పీట మీద పెట్టి బెల్టుతో కట్టండి.

రెండు ట్యాంకుల ఫ్లష్ టాయిలెట్

దీని నిర్మాణం అర్థమైతే సగం సమస్యలు రావు. పై భాగంలో సీటు, బేసిన్, మంచినీళ్ల ట్యాంకు, చేతిపంపు. కింది భాగం పూర్తిగా మురుగు ట్యాంకు. రెండింటి మధ్య పక్కకు లాగే పలక లాంటి వాల్వు, దాని చుట్టూ రబ్బరు సీలు. పక్కన ఉండే లాచి పై, కింది భాగాలను కలిపి పట్టుకుంటుంది. కింది ట్యాంకుకు పారబోసే గొట్టం, దాని మూత, గాలి లోపలికి వెళ్లే చిన్న బటన్ ఉంటాయి. మంచి మోడళ్లలో నిండిన మట్టం చూపించే సూచిక కూడా ఉంటుంది.

కొనేటప్పుడు దుకాణంలోనే చూడగలిగినవి: తిరిగే పారబోత గొట్టం ఉందా, గాలి బటన్ ఉందా, రబ్బరు సీలు విడిగా దొరుకుతుందా. మొదటి రెండూ లేకపోతే పారబోసేటప్పుడు గడగడమంటూ ఎగిరిపడుతుంది. మూడోది లేకపోతే సీలు ఎండిపోయిన రోజున టాయిలెట్ మొత్తం పారేయాలి. బ్యాటరీతో నడిచే ఫ్లష్ గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. చేతిపంపు చెడిపోతే మగ్గుతో నీళ్లు పోసుకోవచ్చు, బ్యాటరీ పంపు చెడిపోయినా అంతే, మరి ఎక్కువ డబ్బు ఎందుకు.

ఇంటి నుంచి బయల్దేరే ముందు రోజు ఒక పరీక్ష చేయాలి. కింది ట్యాంకులో రెండు లీటర్ల మామూలు నీళ్లు పోయండి, వాల్వు మూయండి, పొడి పాత గుడ్డ పరిచి దాని మీద నాలుగు వైపులా వంచుతూ ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు పడుకోబెట్టండి. గుడ్డ తడిస్తే సీలు మీద ఏదో ఇరుక్కుంది, లేదా అది ఎండి గట్టిపడింది. తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి మళ్లీ చూడండి. ఇంట్లో ఉంది కదా అని పెట్రోలియం జెల్లీ రాయొద్దు. కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బి మెత్తబడతాయి, ఆ తర్వాత వాల్వు లాగినప్పుడల్లా చిరుగుతాయి.

క్యాంప్‌లో బిగించేటప్పుడు ముందు కింది ట్యాంకులో మందు, దానితో పాటు అడుగు మునిగేంత నీళ్లు, అంటే సుమారు రెండు లీటర్లు పోయాలి. ఈ నీళ్లు లేకపోతే మొదటి మలం, మొదటి పేపరు పొడి అడుగుకు అంటుకుని అక్కడే గట్టిపడతాయి. మందు అన్నింటి కిందా ఒక మూల ఉండిపోతుంది. మోతాదు సీసా మీద చదవండి, ముఖ్యంగా ఆ మోతాదు పది లీటర్లకా, ఇరవై లీటర్లకా అన్నది. సగం ట్యాంకుకు సరిపడే మందు పోసి, వాసన వస్తోందని బ్రాండును తిట్టేవాళ్లే ఎక్కువ.

మందుల్లో రెండు జాతులున్నాయి. క్రిముల్ని చంపి కుళ్లడాన్ని ఆపేవి ఒకటి. చాలాకాలంగా అమ్ముతున్న నీలిరంగు ద్రవాలు ఎక్కువగా ఈ కోవవే, కొన్నింట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఎండలో బాగా నిలబడతాయి. కానీ సెప్టిక్ ట్యాంకులో మురుగును అరిగించే మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి. రెండోవి బ్యాక్టీరియా, ఎంజైములతో పనిచేసేవి. వీటిని సెప్టిక్ ట్యాంకులో పోయొచ్చు, కానీ చలిలో మందకొడిగా ఉంటాయి, పని మొదలవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇవి వాడుతూ బేసిన్‌ని క్రిమిసంహారకంతో కడిగితే ఒక చేత్తో పెంచినదాన్ని ఇంకో చేత్తో చంపుతున్నట్టే. పారబోసే చోటు సెప్టిక్ ట్యాంకు అయితే మందు సీసా మీద సెప్టిక్‌కి సరే అని రాసి ఉండాలి. ఇక్కడ కూడా పారబోసే చోటే మందును నిర్ణయిస్తోంది, గమనించండి.

బ్లీచింగ్ పౌడరు గానీ, బ్లీచ్ ద్రవం గానీ ట్యాంకులో ఎప్పుడూ వేయకూడదు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు పుడతాయి. చిన్న గుడారంలో ఊపిరి పట్టేసే సంగతి అది. సీలు కూడా పాడవుతుంది.

వాడుకలో చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. కూర్చునే ముందు, మూత వేసి ఉండగానే వాల్వు కొద్దిగా లాగి మళ్లీ మూయండి. కింది ట్యాంకు గాలి చొరని డబ్బా. ఎండకు వేడెక్కినా, లోపల కుళ్లి వాయువులు పుట్టినా ఒత్తిడి పెరుగుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కినా అంతే: సముద్రమట్టం నుంచి 2,000 మీటర్లకు వెళ్లేసరికి బయటి గాలి ఒత్తిడి దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది, లోపలిది మాత్రం అలాగే ఉంటుంది. ఆ స్థితిలో మూత తీసి, వంగి చూస్తూ వాల్వు లాగితే మొహాన చిమ్ముతుంది. మూత కింద లాగితే చిమ్మినా మూతకే తగులుతుంది.

మూత్రానికైతే వాల్వు ముందే తెరిచి కూర్చుంటే నీళ్లు ఆదా. దొడ్డికైతే వాల్వు మూసి, బేసిన్‌లో కొంచెం నీళ్లు పంపు చేసి కూర్చోవాలి. పొడి బేసిన్‌కి అంటుకున్నది కడగడానికి రెట్టింపు నీళ్లు కావాలి. అయిపోయాక వాల్వు పూర్తిగా తెరిచి ఫ్లష్ చేసి, వాల్వు మూసి, పలక మీద ఒక గుక్కెడు నీళ్లు నిలవనివ్వండి. ఆ నీళ్లు వాసనకు రెండో అడ్డు. కారు కదిలేటప్పుడు మాత్రం వాటిని దింపేయాలి, లేకపోతే మలుపుల్లో సీటు మీదకు వస్తాయి.

పేపరు వాడితే ఒక పొర పల్చటిదే వాడండి. ఇంట్లో ఉన్నది పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కను సీసాలో నీళ్లు పోసి పది పదిహేనుసార్లు ఊపండి. పీచులుగా విడిపోతే సరే, ముక్కగానే ఉంటే వద్దు. తడి వైప్స్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా నమ్మొద్దు. ప్యాడ్లు, డైపర్లు కూడా ట్యాంకులోకి పోకూడదు. అవి గొట్టం దగ్గర అడ్డంపడితే బయటకు లాగాల్సింది మీ చేతులే. వాటికి మూత ఉన్న చిన్న డబ్బా గుడారంలో విడిగా ఉండాలి, అడగకుండానే కనిపించేచోట.

మట్టం చూపించే సూచికను ముప్పాతిక దాకానే నమ్మండి. లోపలి తేలుడు భాగానికి పేపరు చుట్టుకుంటే అది అక్కడే ఆగిపోతుంది. ఎన్నిసార్లు వాడారో గుడారం గోడకు తగిలించిన చీటీ మీద గీతలు పెట్టడం మొరటు పద్ధతే, కానీ తప్పదు. ముప్పాతిక నిండితే పారబోయండి. నిండుగా ఉన్న ట్యాంకులో మందు కలవడానికి చోటుండదు, మోస్తే ఊగుతుంది, వాల్వు తెరిస్తే పైకి వస్తుంది.

పారబోసేటప్పుడు ముందు పొడవాటి గ్లౌజులు. లాచి తీసి పై భాగాన్ని శుభ్రమైన చోట పెట్టండి. వాల్వు బిగుతుగా ఉందో లేదో చూసి కింది ట్యాంకును నిటారుగానే మోయండి. అక్కడికి వెళ్లాక గొట్టం మీకు దూరంగా తిప్పి, మూత తీసి జేబులో కాకుండా పక్కన పెట్టి, గొట్టాన్ని గుంట అంచుకు దగ్గరగా, మోకాలి కన్నా కిందికి తెచ్చి మెల్లగా వంచండి. గొట్టం కిందికి తిరిగాకే బొటనవేలితో గాలి బటన్ నొక్కండి. ముందే నొక్కితే ఆ రంధ్రం నుంచే కారుతుంది, అసలు నొక్కకపోతే గ్లగ్ గ్లగ్‌మంటూ చిందుతుంది. ఖాళీ అయ్యాక రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి, బాగా ఊపి పారబోయండి. నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా, సాధారణంగా రెండు మూడుసార్లు.

ఏర్పాటు చేసిన చోటు లేక మామూలు టాయిలెట్‌లో పోయాల్సి వస్తే, యజమానిని అడిగి, మూడు నాలుగు లీటర్ల చొప్పున పోస్తూ మధ్యలో ఫ్లష్ చేయండి. ఒకేసారి గుమ్మరిస్తే పొంగుతుంది. వాననీటి కాలువలో, వాగులో, పొదల్లో పోయడం మాత్రం కూడదు. వాననీటి కాలువ నేరుగా చెరువుకో నదికో పోతుంది, శుద్ధి అనేది మధ్యలో ఎక్కడా ఉండదు. మందు కలిపిన మురుగును గొయ్యి తీసి పూడ్చడం కూడా అంతే తప్పు.

బకెట్, సంచీ

మూత ఉన్న 20 లీటర్ల బకెట్, దాని అంచుకు బిగిసే సీటు, లోపల సంచీ. కదిలే భాగాలు లేవు కాబట్టి చెడిపోయేది లేదు. పడిపోయేది మాత్రం ఉంది: అడుగు వెడల్పు 30 సెంటీమీటర్ల లోపే కాబట్టి మెత్తటి నేల మీద ఒక పక్కకు వాలుతుంది. కింద అరమీటరు చదరపు ప్లైవుడ్ ముక్క వేస్తే చాలు. మడతపెట్టే కాళ్ల స్టాండు రకం కొంటే బరువు పరిమితిని చూసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఆ అంకె నిశ్చలంగా కూర్చున్న మనిషికి. దబ్బున కూర్చుంటే కాళ్ల మీద అంతకు మించి పడుతుంది. మీ గుంపులో అందరికన్నా బరువైనవాళ్లకు ఇంకో ముప్పై కిలోలు కలిపి చూడండి.

సంచులు రెండు వేయాలి, లోపలిది మందపాటిది. అంచు మీద కనీసం పది సెంటీమీటర్లు బయటకు మడవండి, తక్కువైతే బరువుకు లోపలికి జారుతుంది. మట్టిలో కలిసిపోతాయని చెప్పే సంచులు ఈ పనికి వద్దు. తడికి అవి మెత్తబడేది మట్టిలోకి వెళ్లాక కాదు, మీ డిక్కీలో ఉండగానే.

అడుగున ఐదు సెంటీమీటర్ల పొట్టు పోయండి. రంపపు పొట్టు, కొబ్బరి పీచు పొట్టు, చెక్క గుళికలు ఏదైనా సరే. ప్లైవుడ్ కోసిన పొట్టు, రసాయనం పట్టించిన చెక్క పొట్టు వద్దు. వాడిన ప్రతిసారీ మలం కనపడకుండా ఒక గ్లాసు, సుమారు 250 మిల్లీలీటర్లు పైన చల్లాలి. వాసన, ఈగలు రెండూ దీంతోనే ఆగుతాయి. పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం అమ్మే, తడికి గడ్డకట్టే మట్టి కూడా వాడొచ్చు, కానీ అది బరువు, దాన్ని ఏ టాయిలెట్‌లోనూ పోయకూడదు.

జెల్ పొడి అంటే డైపర్లలో ఉండేదే, సోడియం పాలియాక్రిలేట్. మంచినీళ్లు అయితే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ దాని శక్తి పదింతలు పడిపోతుంది, ముప్పై నలభై రెట్లకు వస్తుంది. అందుకే డబ్బా మీది అంకెలు చూసి చిటికెడు వేస్తే సంచీ నీళ్లనీళ్లగానే ఉంటుంది. అర లీటరు మూత్రానికి 15 నుంచి 20 గ్రాములు లెక్క పెట్టుకోండి.

ఇప్పుడు నీళ్లతో కడుక్కునేవాళ్ల చిక్కు. సంచీలోకి నీళ్లు పోసుకుంటే పొట్టూ చాలదు, పొడీ చాలదు, ముడి వేసేటప్పటికి అది ఊగే నీళ్ల మూట. దీనికి మంచి దారి: ముందు రెండు పేపర్లతో పొడిగా తుడుచుకుని ఆ పేపరు సంచీలో వేసి, తర్వాత సీసాతో 200 మిల్లీలీటర్లు. ఆ నీళ్లు కూడా సంచీలో పడకుండా చేయాలంటే పక్కనే ఒక ప్లాస్టిక్ బేసిన్ పెట్టుకుని దాని మీద కడుక్కోవచ్చు, కానీ ఆ బేసిన్ నీళ్లు మురుగే, మురుగులాగే పారబోయాలి. సంచీలో 200 పడనిచ్చి ఇంకో ఐదారు గ్రాముల పొడి వేయడమే తేలిక.

సంచీ మూసేటప్పుడు మెడను మెలితిప్పి, ఆ మెలికను మడిచి, టేపుతో గట్టిగా చుట్టండి. మామూలు ముడి వేస్తే గాలి పోవడానికి సందు ఉంటుంది. లోపలి గాలి ముందే మెల్లగా తీయాలి, మొహం పక్కకు పెట్టి. లేకపోతే కారు వేడికి సంచీ ఉబ్బుతుంది. మూటను మూత బిగిసే ఇంకో బకెట్‌లో పెట్టి తీసుకెళ్లండి. దీన్ని చెత్తకుండీలో వేయొచ్చా అన్నది ఊరూరికీ మారుతుంది. ముందే అడగండి. మలం కోసమే చేసిన జెల్ సంచులకు కొన్నిచోట్ల అనుమతి ఉంటుంది, మామూలు సంచులకు ఉండకపోవచ్చు.

మూత్రం వేరుగా

ఏ రకం కొన్నా మూత్రాన్ని వేరు చేస్తే వాసన సగానికి పైగా తగ్గుతుందని నా అభిప్రాయం. కారణం ఉంది. మూత్రంలో యూరియా ఉంటుంది, మలంలోని బ్యాక్టీరియాలో యూరియాను అమ్మోనియాగా విరిచే ఎంజైము ఉంటుంది. రెండూ కలిస్తే ముక్కు మండే ఆ ఘాటు త్వరగా పుడుతుంది. ముందు భాగంలో గరాటు లాంటి తొట్టి ఉన్న పొడి టాయిలెట్లు చేసేది ఇదే: మూత్రం ముందుకు, ఒక క్యానులోకి, మలం వెనక్కి, పొట్టులోకి. మందు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. కానీ కడుక్కునే నీళ్లు వెనక భాగంలో పడకూడదు, పడితే పొడి టాయిలెట్ కాస్తా బురద గుంట అవుతుంది. ఇంట్లో అందరూ ఈ క్రమశిక్షణకు ఒప్పుకుంటేనే కొనండి. పిల్లలు సరిగ్గా ముందు వైపు పోస్తారని ఆశపెట్టుకోవద్దు.

రాత్రిపూటకు వెడల్పు మూతి ఉన్న లీటరు సీసా మగవాళ్లకు సరిపోతుంది. ఆడవాళ్లకు సిలికాన్ గరాటులు దొరుకుతాయి, ఇంట్లో స్నానాల గదిలో అలవాటు చేసుకుని తీసుకెళ్లండి. సీసా మీద పెద్దగా గుర్తు వేయండి, మంచినీళ్ల సీసా ఆకారంలో ఉన్నది వాడొద్దు. చీకట్లో తడుముకునేటప్పుడు ఆ తేడా చేతికే తెలియాలి.

గొయ్యి తీయాల్సి వస్తే

అనుమతి ఉన్న అడవుల్లో మాత్రమే. నీటికి, దారికి, గుడారానికి కనీసం 60 మీటర్ల దూరం, పెద్దవాళ్ల అడుగులు సుమారు ఎనభై. లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు, వెడల్పు 10 నుంచి 15. ఇంకా లోతుగా తవ్వితే మంచిదనుకుంటారు, కాదు. మలాన్ని విరిచే సూక్ష్మజీవులు ఎక్కువగా పై మట్టిలోనే ఉంటాయి. పేపరు పూడ్చొద్దు, సంచీలో వెనక్కి తెచ్చుకోండి. జంతువులు తవ్వి బయటకు లాగేది మొదట దాన్నే. రాతినేల, ఇసుక, మంచు ఉన్నచోట గొయ్యి పనిచేయదు, అక్కడ జెల్ సంచే. సరైన మట్టిలో పూడ్చినా కొన్ని రోగకారక బ్యాక్టీరియా ఏడాది దాటి కూడా బతికి ఉండగలవు, ఏలికపాము గుడ్లయితే ఏళ్ల తరబడి. జనం ఎక్కువగా దిగే చోట్ల గొయ్యిని నిషేధించడం అందుకే.

గుడారం, చేతులు

టాయిలెట్ గుడారం అడుగు 120 సెంటీమీటర్ల చదరం, ఎత్తు రెండు మీటర్లకు తక్కువ కాకుండా ఉండాలి. ఇంతకన్నా ఇరుకైతే లోపల బట్టలు సర్దుకోలేరు. దానంతటదే విచ్చుకునే గుడారాలు తేలికే, కానీ సన్నగా పొడవుగా ఉండటంతో గాలికి తెరచాపలా లేస్తాయి. నాలుగు మూలలా మేకులు, పై నుంచి నాలుగు తాళ్లు తప్పనిసరి. గట్టి నేలలో 20 సెంటీమీటర్ల మేకు చాలు, ఇసుకలో సంచుల్లో ఇసుక నింపి తాళ్లకు కట్టాలి. నిద్రపోయే గుడారాలకు, వంట చోటుకు గాలి వాలున పదిహేను ఇరవై మీటర్ల దూరంలో వేయండి. మరీ దూరమైతే అర్ధరాత్రి ఎవరూ వెళ్లరు, పక్క చెట్టు దగ్గరే ఆగిపోతారు.

దీపం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. లాంతరు నేల మీద పెడితే కూర్చున్న మనిషి నీడ గోడ మీద నిలువెత్తున పడి క్యాంపంతా చూస్తుంది. పైకప్పు మధ్యలో, మసక వెలుతురుది వేలాడదీస్తే నీడ నేల మీదే పడుతుంది.

చేతులు కడిగే ఏర్పాటు గుడారం గుమ్మం పక్కనే ఉండాలి, వంట దగ్గర కాదు. కుళాయి ఉన్న క్యాను, సబ్బు, 20 సెకన్లు. శానిటైజర్ మురికి చేతుల మీద సరిగా పనిచేయదు, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద దాని ప్రభావం తక్కువ. క్యాంపులో ఒకరికి పట్టుకున్నది అందరికీ పాకడం చాలాసార్లు ఇక్కడి నుంచే.

ఇంటికొచ్చాక

ట్యాంకు లోపల పసుపు తెల్ల గార పట్టి ఉంటే అది మూత్రంలోని లవణాలు గట్టిపడింది. లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పోసి, కొన్ని గంటలు ఉంచి కడిగేయండి. బ్లీచ్ వాడిన పాత్రలో నిమ్మ ఉప్పు కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. గరుకు పీచుతో బేసిన్ రుద్దొద్దు, గీతల్లో మురికి దాక్కుని ఆ తర్వాత ఎంత కడిగినా వాసన పోదు. మెత్తటి గుడ్డ, గిన్నెలు తోమే సబ్బు చాలు.

పై ట్యాంకులో నీళ్లు పూర్తిగా తీసేయండి, పంపును గాలి వచ్చేదాకా నొక్కండి. మిగిలిన నీళ్లు నాచు పడతాయి, చలి ప్రాంతాల్లో గడ్డకట్టి పంపును పగలగొడతాయి. తర్వాత రెండు భాగాలనూ విడదీసి నీడలో పూర్తిగా ఆరనిచ్చి, సీలుకు సిలికాన్ రాసి, వాల్వు తెరిచి, గొట్టం మూత వదులుగా పెట్టి దాచండి. వాల్వు మూసి దాస్తే సీలు నెలల తరబడి ఒకేచోట నొక్కుకుని పలకకు అంటుకుంటుంది, మొదటిసారి లాగినప్పుడే చిరుగుతుంది. అదనపు సీలు ఒకటి కొని డబ్బాలోనే పడేయండి. మోడల్ పాతబడ్డాక అది దొరకడం కష్టం.